చిన్న కాలేజీలో చేరేముందు: హక్కా, దయా?

మొన్న సెలవులకి జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు మా వీధిలో అమ్మాయి ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చింది. పన్నెండో తరగతి అయిపోయింది. "పిన్నీ, ఇది చూడు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అట. క్లాసుకి ముప్పై మందే అట. స్కాలర్‌షిప్ కూడా ఇస్తారట. చేరమంటావా?" అంది. వెనకే వాళ్ల నాన్న వచ్చాడు. ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆయనది ఒకటే ప్రశ్న: "అది చదివితే ఏ పని వస్తాదమ్మా?"

ఇద్దరికీ కలిపి జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను. నేనూ అలాంటి కాలేజీలోనే చదివాను. దాని పేరు ఇక్కడ అనవసరం. నేను చెప్పబోయేవి ఆ ఒక్క కాలేజీలోనే జరిగేవి కావు.

ముందు నాన్న ప్రశ్న. టాటా స్టీల్ కంపెనీ 1907లో పుట్టింది. ఆ ఫ్యాక్టరీని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మన తాతలు ఇక్కడికి వచ్చారు. ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు కాబట్టి ఇక్కడ చదువంటే ఐటీఐ, డిప్లొమా, లేదా ఇంజనీరింగ్. బీఏ అంటే ఏ సీటూ రానివాళ్ల చదువని మనమే అనుకుంటాం. కానీ బాబాసాహెబ్ చదివింది ఏమిటి? 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో బీఏ. 1913లో కొలంబియా వెళ్లి అర్థశాస్త్రంతో పాటు చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, తత్వశాస్త్రం చదివారు. తర్వాత తానే విద్యాసంస్థలు పెట్టినప్పుడు 1946లో బొంబాయిలో తెరిచినది సిద్ధార్థ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్స్. ఈ వ్యవస్థ ఎందుకిలా ఉందని అడగడం నేర్పే చదువు మనకి అక్కర్లేదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ చదువుని డబ్బున్నవాళ్లకి వదిలేసి మనం వెల్డింగుకే పరిమితం కావాలని నేనూ అనను.

అయితే బాబాసాహెబ్ జీవితంలోనే ఇంకో పాఠం ఉంది. ఆయన కొలంబియా వెళ్లింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో. దానికి షరతు ఉంది, తిరిగొచ్చి సంస్థానంలో పనిచేయాలి. 1917లో వెళ్లారు. అంత చదువు చదివిన మనిషికి ఆ ఊళ్లో ఉండడానికి గది దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి గెంటేశారు. స్కాలర్‌షిప్ ఆయన్ని న్యూయార్క్ పంపగలిగింది గానీ, బరోడాలో తల దాచుకునే చోటు ఇప్పించలేకపోయింది. అందుకే కాలేజీ బ్రోచరులో ప్రతి లైను దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది నా హక్కా, వాళ్ల దయా?

మొదట సీటు సంగతి. 2005లో 93వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 15(5) అధికరణ ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషన్ చట్టం చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మైనారిటీ సంస్థలకు మాత్రం మినహాయింపు. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణను సమర్థించింది. కానీ 2006లో పార్లమెంటు చేసిన చట్టం కేంద్ర విద్యాసంస్థలకే పరిమితం. ప్రైవేటు కాలేజీలకి దేశమంతటా వర్తించే చట్టం రాలేదు. కాబట్టి ఆ కాలేజీ "డైవర్సిటీ" అన్నప్పుడు మన పిల్లలకి ఎన్ని సీట్లు అని రాతపూర్వకంగా అడగండి. అంకె చెప్పకపోతే అది హక్కు కాదని అర్థం.

తర్వాత డబ్బు. స్కాలర్‌షిప్ ట్యూషన్ ఫీజుకేనా, హాస్టలు, మెస్, పుస్తకాలు, రైలు టికెట్టుకి కూడానా? ఎంత గ్రేడు తగ్గితే ఆపేస్తారు? ఆపేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నా రెండో ఏడాదిలో ఒక పేపరులో మార్కులు తగ్గాయి. ఈ సాయానికి నేనెందుకు అర్హురాలినో ఉత్తరం రాసి ఇమ్మన్నారు. అమ్మ జబ్బు, నాన్న పని పోవడం, అన్నీ మంచి ఇంగ్లీషులో రాశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ మా ఇంటి పేదరికాన్ని వ్యాసంగా రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఫీజు పూర్తిగా కట్టేవాళ్లు ఫెయిలైతే మళ్లీ పరీక్ష రాస్తే సరిపోయేది. నాకు మాత్రం మార్కులు తగ్గితే చదువే ఆగిపోయేది.

మూడోది, "చిన్న" అన్న మాట. క్లాసులో ముప్పై మందే అంటే నిజంగా లాభం ఉంది. నా వ్యాసాలు లైను లైను చదివి దిద్దిన టీచర్లు ఉన్నారు, వాళ్లకి రుణపడి ఉన్నాను. కానీ పెద్ద విశ్వవిద్యాలయంలో నా జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరు ఉంటుంది. చిన్న కాలేజీలో నా మొహం, నా ఇంటిపేరు, నా ఇంగ్లీషు యాస అన్నీ మార్కులు వేసేవాళ్లకి తెలుసు. క్లాసులో మాట్లాడినందుకు మార్కులు ఉంటాయి. భోజనాల దగ్గరే అమ్మానాన్నలతో ఇంగ్లీషులో వాదించి పెరిగిన పిల్లలు మొదటి రోజునుంచే మాట్లాడతారు. ఇంటర్నల్స్‌కి ఎన్ని మార్కులో, మళ్లీ దిద్దించుకునే వీలుందో లేదో కనుక్కోండి.

చిన్న కాలేజీలో మనవాళ్లూ చిన్న సంఖ్యలోనే ఉంటారు. హక్కు ఉన్నచోట కులం ఉండదని కాదు. 2016 జనవరి 17న రోహిత్ వేములను మనం పోగొట్టుకున్నది కేంద్ర విశ్వవిద్యాలయంలోనే. కానీ అక్కడ ఆయన పక్కన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిలబడింది. నా క్లాసులో నేను ఒక్కదాన్నే. ప్రతి కాలేజీలో సమాన అవకాశాల విభాగం, వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని యూజీసీ 2012 నియమాలు చెప్పాయి. ఆ అధికారి ఎవరో అడగండి. టీచర్లలో దళితులు, ఆదివాసులు ఎంతమందో అడగండి.

నాలుగోది, నాలుగేళ్ల డిగ్రీ. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ అంటోంది. మధ్యలో వెళ్లిపోవడాన్ని "ఎగ్జిట్" అంటున్నారు. డబ్బు లేక చదువు ఆగిపోతే మన ఇళ్లలో ఎప్పుడూ దాన్ని బడి మానేయడమనే అన్నాం. పేరు మారినంత మాత్రాన నష్టం మారదు. నాలుగేళ్ల ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

ఇక జంషెడ్‌పూర్ తెలుగు దళిత పిల్లలకి ఇంకో ముడి ఒకటి ఉంది. మాల, మాదిగ కులాలు ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలో ఉన్నాయి. జార్ఖండ్ జాబితాలో లేవు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ల వయసులో బొంబాయి వెళ్లిన ఒక ఎస్టీ విద్యార్థి అక్కడ మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో రాజ్యాంగ ధర్మాసనం కాదంది. ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదంది. పోనీ ఆంధ్రకి వెళ్దామంటే, అక్కడ 1974 రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లు స్థానికులకి ఉంచింది. ఇక్కడ పుట్టి ఇక్కడే చదివిన పిల్ల అక్కడ స్థానికురాలు కావడమే కష్టం. ఇక్కడ మనం ఎస్సీలం కాము, అక్కడ స్థానికులం కాము. కులం మాత్రం రెండు చోట్లా మనతోనే ఉంటుంది.

ఈ ముడి కేంద్ర విశ్వవిద్యాలయాల దగ్గర కొంత వదులవుతుంది. తండ్రి స్వరాష్ట్ర సర్టిఫికెట్ ఆధారంగా తీసుకునే ఎస్సీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో పనికొస్తుంది. అక్కడ ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5 శాతం, ఓబీసీలకి 27 శాతం సీట్లు చట్టం ఇచ్చినవి. అందుకే ఆ అమ్మాయికి నేను మొదట చెప్పింది, నాన్న పాత సర్టిఫికెట్ వెతికి పెట్టుకో, సీయూఈటీకి కట్టు అని. ఊళ్లోని కోఆపరేటివ్ కాలేజీని, కరీం సిటీ కాలేజీని, ఇప్పుడు విశ్వవిద్యాలయమైన విమెన్స్ కాలేజీని కూడా తీసిపారేయకు అన్నాను. అక్కడా చరిత్ర, రాజనీతిశాస్త్రం చెబుతారు. ఇంటి నుంచి వెళ్లి రావచ్చు. పక్కన సంతాలీ, హో పిల్లలు కూర్చుంటారు. వాళ్లతో స్నేహం కూడా చదువే.

ఇవన్నీ చూశాక కూడా ఆ చిన్న కాలేజీయే కావాలనిపిస్తే, సీట్లు, స్కాలర్‌షిప్ షరతులు, ఫిర్యాదు అధికారి పేరు, మూడింటికీ రాతపూర్వక జవాబు తెచ్చుకున్నాకే ఫీజు కట్టమన్నాను. నా రోజుల్లో నాకు ఇవి చెప్పేవాళ్లు లేరు. వాళ్ల నాన్నకి కూడా ఒక మాట చెప్పాను: "బావా, ఏ పని వస్తాదో నేను హామీ ఇవ్వలేను. కానీ నిన్ను ఇన్నేళ్లు కాంట్రాక్టు మీదే ఎందుకు ఉంచారో అడగడం ఈ చదువు నేర్పుతుంది."

ఆయన నవ్వలేదు. అమ్మాయి మాత్రం ఫోన్ పక్కనపెట్టి ప్రశ్నలు నోటుపుస్తకంలో రాసుకుంది.

జై భీమ్.