రాకుమార్తెల దుస్తులు

వార్తాపత్రికలలో ఇంగ్లండు రాజకుటుంబపు యువతుల ఛాయాచిత్రములు కనబడని వారము అరుదు. చిత్రము క్రింద వారేమి పలికిరో ఒక పంక్తి యుండును. ఏమి ధరించిరో పది పంక్తులుండును. మన బాలికలు వానిని ఆసక్తితో చూచుచున్నారనియు, అందువలన చదువునందు శ్రద్ధ సన్నగిల్లుననియు కొందఱు తలిదండ్రులు తలంచుచున్నారు. వారి ఆందోళనను మేము తేలికగ త్రోసివేయజాలము. అయినను ఆ చిత్రములను దాచిపెట్టుటకన్న వానిని చదువుట నేర్పుట మేలని మా అభిప్రాయము.

పాశ్చాత్య వధువులు తెల్లని గౌను ధరించుట అనాదిగ వచ్చిన ఆచారమని చాలమంది యనుకొందురు. అది యంత పాతది కాదు. 1840 ఫిబ్రవరి 10వ తేదీన విక్టోరియా రాణి ఇరువది యేండ్ల ప్రాయమున తెల్లని పట్టుగౌనుతో వివాహమాడిన పిమ్మటనే అది లోకమున ప్రబలినది. ఆ పట్టు లండనులోని స్పిటల్‌ఫీల్డ్సులో నేసినది. దానిపై కుట్టిన హానిటన్ లేసును డెవను సీమయందలి బీర్ అను చిన్న గ్రామమున స్త్రీలు నెలల తరబడి చేతితో అల్లిరి. యంత్రములపై తయారగు లేసు చవుకగ వచ్చి, చేతిపనివారి కూటికి ముప్పు తెచ్చిన దినములవి. రాణి కోరి వారి లేసునే ధరించినందున ఇన్నూఱుమందికి పైగ పని దొరకినది. పట్టునకు పేరుగన్న మన బరంపురమున గుంటమగ్గములపై బ్రతుకు గడపిన తాతల మనుమలును మనుమరాండ్రును మనతో చదువుచున్నారు. వారికి ఈ సంగతి వేఱుగ వివరింప నక్కఱలేదు.

1947 నవంబరు 20వ తేదీన ఎలిజబెత్ రాకుమారి వివాహము జరుగునాటికి యుద్ధము ముగిసి రెండేండ్లు దాటినను, బ్రిటనులో బట్టకు ఇంకను రేషను కూపనులే. ఆమెయు కూపనులిచ్చియే గుడ్డ తీసికొనవలసి వచ్చెను. ప్రభుత్వము కొన్ని అదనముగ మంజూరు చేసెను. దేశమునందలి పలువురు స్త్రీలు తమ కూపనులను ఆమెకు పంపగా, ఒకరివి మఱియొకరు వాడుట చట్టవిరుద్ధమగుటచే వానిని త్రిప్పి పంపివేసిరి. ఆ పట్టునిచ్చిన పురుగులు శత్రుదేశములవి కావు గదా యను ప్రశ్న కూడ బయలుదేరినది! అవి చైనావని గౌను రూపొందించిన నార్మన్ హార్ట్‌నెల్ సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. పట్టుపురుగునకు సైతము జాతీయత నంటగట్టిన కాలమది.

ఇక నేటి వేల్సు రాకుమారి కేథరిన్ సంగతి. 2016 ఏప్రిలులో ఆమె ముంబయి వచ్చి, ఓవల్ మైదానమున పిల్లలతో క్రికెట్టు ఆడినప్పుడు మన దేశపు రూపకర్త అనితా డోంగ్రే కూర్చిన గౌను ధరించినది. కొలది గంటలలోనే ఆ సంస్థ వెబ్‌సైటు రద్దీకి తట్టుకొనలేక నిలిచిపోయినది. ఒక యువతి కట్టినబట్టకు ఇంతటి శక్తి కలదని తెలిసినప్పుడు, ఎవరిచేత కుట్టించుకొనవలెనను ఆలోచన వట్టి సరదా కానేరదు. 2019లో ఒక చలనచిత్ర పురస్కారసభకు ధరించిన తెల్లని గౌనునే ఆమె భుజము కుట్టు మార్పించి 2023లో అదే సభకు మరల ధరించగా పత్రికలు అదొక వింతగ వ్రాసినవి. మన యిండ్లలో అమ్మ పట్టుచీర పెద్దమ్మాయికి పరికిణీ యగును. అది పొట్టియైన పిదప చెల్లెలికి వచ్చును. అటుపిమ్మట దిండుగలీబుగ మాఱును. దానిని గుఱించి వ్రాసిన విలేఖరి యింతవఱకు మాకు కనబడలేదు.

చూచువారి కన్ను ఎంత కఠినమో తెలిపెడి ఉదంతము బియాట్రిస్ రాకుమారిది. 2011 ఏప్రిలులో కేథరిన్ వివాహమునకు ఆమె ఫిలిప్ ట్రేసీ రూపొందించిన విచిత్రమైన టోపీ ధరించి వచ్చినది. ఆమెకప్పుడు ఇరువదిరెండేండ్లు. లోకమంతయు పరిహసించినది. ఆ టోపీ మా కంటికిని అందముగ తోచలేదు. కాని ఒక పిల్ల తలపై టోపీని జూచి ఇన్ని దేశములవారు నవ్వుట అంతకన్న అందముగ లేదు. మరుసటి నెలలోనే ఆమె దానిని వేలమునకు పెట్టగా 81,100 పౌనులకు పైగ వచ్చినవి. ఆ సొమ్ము పిల్లల సేవచేయు యునిసెఫ్ మొదలగు సంస్థలకు చేరినది. నవ్వినవారికి అంతకు మించిన జవాబు మఱి యేమున్నది?

ఇన్నిటిలోను మా మనస్సునకు హత్తుకొన్నది మాత్రము ధరించిన వస్తువు కాదు, ధరింపక విడిచినది. రాజకుటుంబ స్త్రీలు ప్రజలతో కరచాలనము చేయునప్పుడు చేతితొడుగులు వేసికొనుట ఆ దినములలో ఆచారముగ నుండెను. 1987 ఏప్రిలులో లండనులోని మిడిల్‌సెక్సు ఆసుపత్రియందు ఎయిడ్సు రోగుల విభాగమును ప్రారంభింప వచ్చిన డయానా రాకుమారి తొడుగు లేని చేతితో ఒక రోగి చేయి పట్టుకొన్నది. ఆమెకప్పుడు ఇరువదియైదేండ్లు. తాకినంతనే ఆ వ్యాధి అంటుకొనునని చదువుకొన్నవారు సైతము భయపడుచున్న దినములవి. వైద్యులు అది నిజము కాదని చెప్పుచునే యుండిరి, వినువారు తక్కువ. ఆ ఛాయాచిత్రము ప్రపంచమంతట ప్రచురితమైనది. 1981లో ఆమె పెండ్లిగౌను వెనుక ఇరువదియైదు అడుగుల అంచు నేల నీడ్చుకొని పోయినది. అంత పట్టువస్త్రము చెప్పలేని మాటను వట్టి చేయి చెప్పినది.

యువరాజుల కోటును గుఱించి ఇట్టి చర్చ ఏల జరుగదో మాకు బోధపడదు. ఆ భారము పిల్లలలోను ఆడపిల్లలపైననే పడుచున్నది. అన్యభాషా ప్రాంతమున నివసించు మనమును ఒక విధముగ నలుగురి కంటబడి యున్నవారమే. పరికిణీ ఓణీ వేసికొని బజారునకు పోయిన అమ్మాయిని జూచి, నోరు విప్పకముందే, తెలుగువారి పిల్ల యని గుర్తుపట్టుదురు. కొందఱికి అది సంకోచము కలిగించుచున్నది; కొందఱికి సంతోషము. రెండును సహజములే. వేసికొనుమని గాని వలదని గాని మేము శాసింపము. తలిదండ్రులును, దయయుంచి, పండుగనాడు దానికై పిల్లలతో కలహింపకుందురు గాక.

విద్యార్థినీ విద్యార్థులకొక విన్నపము. మీ యింట పెట్టెలో మీ అమ్మమ్మగారో నాయనమ్మగారో దాచుకొన్న పాతచీర యుండును. అది ఎవరు నేసినది, ఎంతకు కొన్నది, మొదట ఏనాడు కట్టినది అడిగి తెలిసికొని వ్రాసి పంపుడు. రాబోవు సంచికలో ప్రకటింతుము. వ్యాసము రెండు పుటలు మించరాదు.