మండువాలో ఆ పొడిచోటు మూఢనమ్మకమా?

సంపాదకుల వారికి,

కిందటి ఆదివారం మీరు వేసిన దెయ్యాల కొంప కథ మీద ఈ వారం ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు విరుచుకుపడ్డారు. మూఢనమ్మకాలు పెంచే రాతలట, కలం పట్టడం చేతగాని వాళ్ల రాతలట. ఆయన అభిప్రాయం ఆయనది. కానీ దాని కింద మీరు ‘ఇకపై జాగ్రత్త వహిస్తాం’ అని రాశారే, అది చూసి ఊరుకోలేకపోయాను. దేనికండీ జాగ్రత్త? ఈమధ్య మీ పత్రికలో నేను రెండోసారి చదువుకున్న కథ అదొక్కటే.

ఆ దెయ్యం ఎవరి పీకా నొక్కదు. కోనసీమలో ఒక మండువా లోగిలి, అన్నదమ్ముల మధ్య పంపకాలు తెగక తాళం పడిన ఇల్లు. బేరం పెట్టడానికి వచ్చిన మనవడు ఆ రాత్రికి అక్కడే పడుకుంటాడు. వాన మొదలవుతుంది. మండువా గచ్చంతా తడిసిపోతుంది, ఒక మనిషి నిలబడేంత మేర తప్ప. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి రచయిత్రి ముందుకు వెళ్లిపోయారు. కాసేపటికి అతను మళ్లీ చూస్తే ఆ పొడిచోటు వంటింటి వైపుకు జరిగి ఉంటుంది. అంతే. నాకు ఒళ్లు జలదరించింది. ఆమె మందుల షాపులో పనిచేస్తారనీ, ఇదే మొదటి కథ అనీ మీరే పరిచయంలో వేశారు. నేనూ తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునేవాణ్ణే. అలాంటి వాక్యం రాశాక ఇంకో మాట కలపకుండా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంతకీ ఆ నిలబడ్డది ఎవరు? మొగుడు వదిలేస్తే పుట్టింటికి చేరి, ఆ వంటింట్లోనే బతుకు వెళ్లదీసిన మేనత్త. ఇంటి కాగితాల్లో ఆవిడ పేరు ఎక్కడా ఉండదు. నేను దస్తావేజు లేఖరిని. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకు అది వర్తించలేదు. వాళ్లు 2005లో కేంద్రం చట్టం మార్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఈనాటికీ చీరా జాకెట్టూ పెట్టి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటున్న వాళ్లను నా బల్ల ముందు చూస్తూనే ఉన్నాను. సంతకం పెట్టిన అక్కలు, చెల్లెళ్లు కళ్లు ఎటు తిప్పుకుంటారో కూడా చూస్తున్నాను. వాటా దక్కని మనిషి ఆ ఇంటిని వదిలిపోలేదు, అదీ కథ. దెయ్యం అన్న మాట దగ్గరే ఆగిపోయిన పెద్దమనిషికి ఇది కనబడలేదు.

చేతబడి, బాణామతి అంటూ మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. కాదనను. చేతబడి నవల ‘తులసిదళం’ మీద రంగనాయకమ్మ గారు ఏకంగా పుస్తకమే రాశారు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఈ కథ చదివి ఎవరైనా ఏ ముసలమ్మ ఇంటి మీదికైనా కర్ర పట్టుకుని పోతారా? కొడవటిగంటి కుటుంబరావు గారు మార్క్సిస్టు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ పని చూసింది ఆయనే. నెలనెలా విక్రమార్కుడి భుజాన శవం, శవంలో బేతాళుడు. ఆయనకు లేని భయం మీకు దేనికి?

నా కోపానికి వేరే కారణం కూడా ఉంది. నాన్న పోయిన కొత్తలో అమ్మ తెల్లవారుజామున లేచి కూర్చునేది. వరండాలో ఆయన పావుకోళ్ల చప్పుడు వినబడిందనేది. దాన్నే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. చప్పుడు విని ఆవిడ లేచి కాఫీకి నీళ్లు పెట్టడంతో ముగించాను. అచ్చులో చూస్తే చివర నేను రాయని పేరా ఒకటి ఉంది. తెల్లారాక చూస్తే అటక మీద పందికొక్కు తిరిగిన ఆనవాళ్లు కనిపించాయట! నన్ను ఒక్క మాట అడగలేదు. ఫోను చేస్తే, పాఠకులకు తప్పుడు సందేశం వెళ్లకూడదని సర్దామన్నారు. అమ్మ ఆ కథ నా చేత చదివించుకుని వింది. విని, ‘అయితే అది మీ నాన్న కాదన్నమాట’ అంది. ఆ పేరా రాసినాయన అమ్మకు ఏం జవాబు చెబుతాడు? ‘జాగ్రత్త’ అంటే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

రవీంద్రనాథ్ టాగోర్ పదిహేడేళ్ల వయసులో అహ్మదాబాద్‌లో జడ్జీగా ఉన్న అన్నగారి దగ్గర, షాహీబాగ్ భవనంలో కొన్నాళ్లు ఉన్నారు. ఆ భవనమే తర్వాత 1895లో ‘క్షుధిత పాషాణ్’ కథ అయింది. రైలు కోసం కాచుకుని ఒకాయన ఆ పాడుబడ్డ మహలు సంగతి చెబుతుంటాడు. అసలు గుట్టు విప్పబోయే వేళకు రైలు వచ్చేస్తుంది, చెప్పేవాడు వెళ్లిపోతాడు. ఆ కథ కింద ఏ పందికొక్కునూ ఎవరూ చేర్చలేదు.

అన్నట్టు, మీరు వేయించిన బొమ్మ సంగతి. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, ఎర్రటి కళ్లు! మేనత్తది బండారులంక నేతచీర, ముదురాకుపచ్చ అని కథలో స్పష్టంగా ఉంది. జుట్టు ముడి వేసుకుని ఉంటుందని కూడా ఉంది. ఆర్టిస్టు కథ చదవలేదు, ఆయన చదివాడో లేదో మీరూ చూడలేదు. మూఢనమ్మకం పెంచింది ఏదైనా ఉంటే అది ఆ బొమ్మే. ఆ ఉత్తరం రాసినాయన కూడా బొమ్మ చూసే రాసి ఉంటారని నా అనుమానం.

ఆ రచయిత్రి మీ ‘జాగ్రత్త’ చదివే ఉంటారు. రెండో కథ మొదలుపెట్టి ఉంటే అక్కడే ఆపేసి ఉండొచ్చు. ఆ మాట వెనక్కు తీసుకుంటున్నట్టు వచ్చే సంచికలో వేయండి, ఆవిణ్ణి ఇంకో కథ అడగండి. వచ్చిన కథను చివరి వాక్యంతో సహా ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఒక పాఠకుడు, కాకినాడ