‘అ’కారం దాటని స్వప్నం

తెలుగువారికి సమగ్రమైన విజ్ఞాన సర్వస్వం అందించాలని కొమర్రాజు వేంకట లక్ష్మణరావు సంకల్పించారు. మూడు సంపుటాలు సిద్ధమైనా ‘అ’కారం దాటలేదు. 1923లో, 46 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. అంతమాత్రాన ఆ జీవితం వెలితిదని జాలిపడటం తగదు. అక్షరమాల చివరిదాకా సాగి ఉంటే ఎంత బాగుండేదో! నిజమే. కాని రాసిన ప్రతి వ్యాసమూ దానంతట అది పూర్ణమైనదే. చదివినవారికి ఆనాడే వెలుగునిచ్చింది. పైగా ఆయన కృషి సర్వస్వానికే పరిమితం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు, 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఆవిర్భావానికి ఆయన పూనిక ముఖ్యకారణం. భాషానిలయంలో నేటికీ పుస్తకం తెరిచే పాఠకునికి ఆయన జీవితంలో ఏ లోటు కనిపిస్తుంది? సర్వస్వ నిర్మాణాన్ని తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు చేపట్టారు. 1938లో ఆయనా దానిని ముగించకుండానే వెళ్ళిపోయారు.