డబ్బాలు సర్దినంత సులువా?

మొన్నామధ్య మావారి స్నేహితుడొకాయన భోజనానికొచ్చి, పప్పు దగ్గర్నుంచి పెరుగన్నం దాకా ఒకటే ఉపన్యాసం. మంచి మేనేజరంటే మార్పును ఒక్క దెబ్బతో తెచ్చిపారేయాలట. కింది ఉద్యోగుల్ని అడుగుతూ కూర్చుంటే ఏ పనీ కాదట. "వాళ్లెప్పుడూ వద్దనే అంటారు చెల్లెమ్మా!" అని నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ మేనేజరుగిరీ నేనూ ఒకసారి వెలగబెట్టాను. పెళ్లయిన కొత్తలో, అత్తయ్య ఊరెళ్లిన రెండు రోజుల్లో వంటిల్లంతా తిరగేసి, కొత్త డబ్బాలు కొని, పేర్లు రాసి అతికించాను. ఆవిడకి చత్వారం. ముప్ఫై ఏళ్లుగా చేత్తో తడిమి వంట చేసిన మనిషి. తిరిగొచ్చిన పూటే చుట్టాలందరికీ ఉప్పు టీ ఇచ్చారు!

వంటింట్లో పోయింది గిన్నెడు పాలు. సర్కారు కచేరీలో అంతటితో పోదు కదా! మా సుబేదారికి ఆ పేరొచ్చిందే నిజాం కాలపు సుబేదారు వల్ల. తర్వాత కలెక్టరేటూ ఇక్కడే. అందుకని ఈ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేశారు. బిల్లు అసెంబ్లీకి రాకముందే, 7వ తేదీన, ఒక్క రోజులో వాళ్ల రికార్డులన్నీ స్వాధీనం చేసుకోమన్నారు. అక్టోబరు 29న ధరణి వచ్చింది. వీఆర్వోల్లో లంచగొండులు లేరా అంటారేమో. ఉన్నారు, బోలెడంతమంది! కంప్యూటరు వద్దనీ నేననను. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూట తహసీల్దారు ఆఫీసులో అయిపోవడం చిన్న మేలా? కానీ ఏ గట్టు ఎవరిదో, ఏ అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నారో తెలిసింది కూడా ఆ వీఆర్వోకే. తప్పు చేసినవాణ్ణి దండించడం మాని కుర్చీనే ఎత్తేస్తే, ఆ ఎరికంతా కుర్చీతోపాటే పోయింది. చాలా సవరణలకు కలెక్టరు దాకా రావలసి వచ్చింది. పాసుపుస్తకం కొంగున దాచుకుని పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకి ఒకరోజు కూలీ పోవడమంటే ఏమిటో, ఆ ఆలోచన చేసినవారికి తట్టిందా?

ఇక ఆ 5,000 పైచిలుకు ఉద్యోగులు! స్పష్టమైన బాధ్యతలు లేకుండా రెండేళ్లు. 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంచారు. లాటరీ అండీ! పెళ్లిచూపుల్లోనైనా పిల్లనో మాట అడుగుతారు కదా.

2025 ఏప్రిల్లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈసారి ముందు నాలుగు మండలాల్లో ప్రయత్నించి చూశారు. వాటిలో మా పొరుగున ఉన్న ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. ఊళ్లకెళ్లి సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులని 5,000 మందికి పైగా నియామక పత్రాలిచ్చారు. వాళ్లెవరనుకున్నారు? పరీక్ష రాసి నెగ్గిన పాత వీఆర్వోలు, వీఆర్ఏలే! మరి మధ్యలో పోయిన ఐదేళ్లు ఎవరి ఖాతాలో రాయాలి?

ఇదంతా చెబితే ఆ అన్నయ్యగారు చెయ్యి కడుక్కుంటూ, "అయితే ఆఫీసు గుమాస్తాలే నడపాలంటావా?" అన్నారు. నడపమనలేదు బాబూ, ముందు అడగమన్నాను. ఉప్పు టీ మర్నాడు నేను అత్తయ్యను అడిగాను, ఏది ఎక్కడుంటే మీకు వీలూ అని. కొత్త డబ్బాలు ఆవిడకెంతో నచ్చాయట. ఉప్పూ చక్కెరా మాత్రం పక్కపక్కన పెట్టొద్దన్నారు.