పాస్‌పోర్టు కంటే ముందే ఓటు

సంపాదకుల వారికి,

ఐర్లండ్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. పౌరసత్వానికి ఎన్నేళ్లు ఆగాలి, ఎంత కట్టాలి, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే ఓసీఐ కార్డు ఎలా తెచ్చుకోవాలి అన్నీ వివరంగానే ఉన్నాయి. అయితే పౌరసత్వం చేతికొచ్చేదాకా ఇక్కడ మాకు ఓటూ లేదు, మాటా లేదు అన్నట్టు రాశారు. అది సరికాదు. విచారమేమిటంటే, ఇక్కడున్న మావాళ్లు చాలామంది నమ్మేదీ అదే.

స్థానిక ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి ఐరిష్ పౌరులై ఉండనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఇక్కడ నివాసం ఉంటే చాలు. వర్క్ పర్మిట్ మీద వచ్చిన నర్సుకూ, మాస్టర్స్ చదువుతున్న కుర్రాడికీ ఒకటే హక్కు. 1963 నాటి చట్టం నుంచీ ఇది ఉంది. పోటీ చేసే హక్కు 1974లో కలిసింది. డాయిల్ అనే దిగువ సభకు మాత్రం ఐరిష్, బ్రిటిష్ పౌరులే ఓటర్లు. అధ్యక్ష ఎన్నికకూ రెఫరెండానికీ ఐరిష్ పౌరులే.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు, తెలంగాణలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. సెలవు పెట్టి, టికెట్లు కొనుక్కుని డబ్లిన్ నుంచి ఊళ్లకు వెళ్లినవాళ్లు నాకు తెలుసు. ప్రవాస ఓటరు తన ఊరి బూత్‌కు స్వయంగా వెళ్లి తీరాలి కదా. వాళ్లను నేను తప్పు పట్టను. పుట్టిన ఊరి మీద అంత పట్టింపు ఉండటం మంచిదే. కానీ నాలుగు వారాలైనా తిరక్కుండానే, జూన్ 7న, ఇక్కడి 31 కౌన్సిళ్లకూ ఎన్నికలు వచ్చాయి. ఓటు వేసేది మా వీధి చివరి బడిలోనే. ఎవరెవరు వెళ్లారని మా వాట్సాప్ గ్రూపులో అడిగితే వచ్చిన జవాబు: ‘మనకు ఓటుందా?’

‘కౌన్సిలర్ల వల్ల ఏమవుతుంది అక్కా, వీసాలిచ్చేది వాళ్లు కాదుగా’ అంటారు. నిజమే. వీసాలూ పౌరసత్వమూ న్యాయశాఖ చేతిలో ఉంటాయి. గార్డా పోలీసులు కౌన్సిల్ మాట వినక్కర్లేదు. నీళ్ల సరఫరా కూడా 2014లో వేరే సంస్థకు వెళ్లిపోయింది. అయినా ఏ స్థలంలో ఇళ్లు కట్టవచ్చో తేల్చే అభివృద్ధి ప్రణాళికను ఓటేసి ఆమోదించేది కౌన్సిలర్లే. అద్దె ఇల్లు దొరక్క ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటున్న మన పిల్లలకు ఇది చిన్న సంగతా? అంతటితోనూ ఆగదు. ఎగువ సభ అయిన సెనేట్‌లోని 60 మందిలో 43 మందిని ఎన్నుకునేవాళ్లలో అత్యధికులు కౌన్సిలర్లే. అధ్యక్ష పదవికి ఒకరిని నిలబెట్టాలంటే పార్లమెంటు సభ్యులు 20 మందైనా, నాలుగు కౌన్సిళ్లైనా ప్రతిపాదించాలి. అంటే పౌరసత్వం లేని మనిషి వేసిన ఓటు, ఆ మనిషికి ఓటే లేని ఎన్నికల దాకా వెళ్తుంది.

ఓటు లేకపోతే ఏమవుతుందో కూడా ఈ దేశంలోనే చూశాం. 2004 జూన్ 11న స్థానిక ఎన్నికలూ, పౌరసత్వం మీద రెఫరెండమూ ఒకే రోజు పెట్టారు. ఈ గడ్డ మీద పుట్టిన ప్రతి బిడ్డకూ పౌరసత్వం అన్న నియమాన్ని తీసెయ్యాలా అన్నది ప్రశ్న. దాదాపు 79 శాతం తీసెయ్యమన్నారు. అప్పటినుంచి మనలాంటివాళ్ల బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే, తల్లిదండ్రుల్లో ఒకరు అంతకు ముందరి నాలుగేళ్లలో మూడేళ్లు ఇక్కడ ఉండాలి. విద్యార్థి వీసా మీద గడిపిన కాలం ఆ లెక్కలోకి రాదు. ఆ రోజు ఎవరి పిల్లల గురించి అడిగారో వాళ్లకు రెఫరెండం బ్యాలెట్ ఇవ్వలేదు, కౌన్సిల్ బ్యాలెట్ మాత్రం ఇచ్చారు. అదే ఎన్నికల్లో పోర్ట్‌లీష్ పట్టణంలో, 2000లో నైజీరియా నుంచి శరణు కోరి వచ్చిన రోటిమి అడెబారి కౌన్సిలర్‌గా గెలిచారు. మూడేళ్లకు మేయరయ్యారు. మరీ దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2024లో మా సౌత్ డబ్లిన్‌కు మేయరైన బేబీ పెరెప్పాడన్‌ది కేరళ. మలయాళీలు పట్టుకున్న కిటుకు మనకెందుకు పట్టుబడలేదో!

ఇక్కడి బ్యాలెట్ మనవాళ్లను కాస్త కంగారు పెడుతుంది. ఒక్కరికి టిక్ పెట్టి వచ్చెయ్యడం కాదు, నచ్చిన వరుసలో 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. మన రాష్ట్రపతిని ఎన్నుకునేదీ ఇలాగే. 1969లో మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండోవి లెక్కపెట్టాకే నీలం సంజీవరెడ్డి మీద వి.వి.గిరి గెలిచారు. ఆ గిరి గారు కుర్రతనంలో డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివారనీ, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఈ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చిందనీ చెబితే మా పొరుగువాళ్లు నోరు తెరుస్తారు. సరే, పక్కదారి పట్టాను. ఈ అంకెల పద్ధతిలో అభ్యర్థికి మనం వేసే మూడో అంకె కూడా అవసరమే. అందుకే ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. జాబితాలో పేర్లు లేని గుమ్మం దగ్గర ఎందుకు ఆగుతారు?

పౌరసత్వం తీసుకోవాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఓసీఐ కార్డుతో రాకపోకలకు లోటుండదు గానీ ఓటు పోతుంది, వ్యవసాయ భూమి కొనే వీలూ పోతుంది. అందుకే ఐరిష్ పౌరసత్వానికి కావలసిన ఐదేళ్లు నిండినా, దరఖాస్తుకు 175 యూరోలూ సర్టిఫికెట్‌కు 950 యూరోలూ కట్టే స్తోమత ఉన్నా, తటపటాయించేవాళ్లున్నారు. స్థానిక ఓటుకు ఆ తటపటాయింపు అక్కర్లేదు. ఇక్కడ ఓటు వేసినంత మాత్రాన భారత పౌరసత్వం పోదు. చాలాకాలంగా పన్ను కడుతున్నవాళ్లకు డాయిల్ ఓటు కూడా ఇవ్వాలని నేనూ అంటాను. కాకపోతే, ఇచ్చిన ఓటు వెయ్యనివాళ్లు ఇంకోటి అడిగితే వినేదెవరు?

తర్వాతి స్థానిక ఎన్నికలు 2029లో. పీపీఎస్ నంబరు (ఇక్కడి గుర్తింపు సంఖ్య), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (ఇంటి పోస్ట్‌కోడ్) దగ్గర పెట్టుకుంటే ఓటరు నమోదు ఆన్‌లైన్‌లో కాసేపటి పని. ఏడాది పొడవునా చేసుకోవచ్చు. ఇల్లు మారిన ప్రతిసారీ అడ్రసు మార్చుకోవాలి, మావాళ్లు మరిచిపోయేది అక్కడే. ఈ వివరాలను వచ్చే సంచికలో, పౌరసత్వం వ్యాసానికి ఇచ్చినంత చోటిచ్చి వెయ్యగలరా?

– ఒక పాఠకురాలు,
లూకన్, డబ్లిన్