ఆరె, రంపె, అమీర్‌పేట

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు పది నిమిషాలు నిలబడితే చేతిలో అరడజను కరపత్రాలు పడతాయి. నిన్నటి దాకా జావా, నేడు డేటా సైన్సు. ఏ జిల్లా నుంచి బస్సు దిగిన కుర్రవాడైనా రుసుము కట్టి కూర్చోవచ్చు. "మీ నాన్నగారు ప్రోగ్రాములు వ్రాసేవారా?" అని ఎవరూ అడగరు. ఆ వీధి గొప్పతనమంతా ఈ ప్రశ్న అడగకపోవడంలోనే ఉందని నా నమ్మకం.

పాత టైర్లతో, ట్యూబులతో పాదరక్షలు తయారు చేయడం కూడా ఆ వీధిలోనే యువతకు నేర్పాలని ఈ మధ్య ఒకచోట అన్నాను. ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు: "ఇంజనీరింగు చదివించి చెప్పులు కుట్టిస్తారా?" మరొకాయన పొంగిపోయాడు: "భలే నవీనమైన ఆలోచన! మంచి స్టార్టప్ అవుతుంది." ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

ముందు మొదటి మిత్రుడికి. జాషువా 'గబ్బిలం' (1941) మన బీరువాలలో ఉంది. చెప్పులు కుట్టే అరుంధతీసుతుని ఆకలి గురించి చదివి కళ్ళు తుడుచుకుంటాం. ఆ కుట్టే ఆరెను, కోసే రంపెను మన ఇంటి పిల్లవాడు పట్టుకుంటానంటే మాత్రం గుండె జారిపోతుంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగితే ఆ ప్రాంతంలోనే పాదరక్షల రూపకల్పన నేర్పే ఎఫ్‌డీడీఐ ప్రాంగణం ఉంది. 2017 నాటి పార్లమెంటు చట్టం ఆ సంస్థకు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా హోదా ఇచ్చింది. ప్రవేశ పరీక్ష వ్రాసి అక్కడ చెప్పు చేస్తే డిజైనరు అంటాం. పంజాగుట్ట కాలిబాట మీద గొడుగు క్రింద కూర్చుని చేస్తే కులం పేరు పెట్టి పిలుస్తాం. చెప్పు ఒకటే, మారింది కూర్చున్న చోటు.

ఇక రెండవ మిత్రుడికి. టైరు చెప్పు నవీనమని మీకెవరు చెప్పారు? లారీ టైరును కోసి అడుగు చేసి, ట్యూబు ముక్కతో పట్టీలు వేసి, మేకులు దిగగొట్టిన ఆ చెప్పులతోనే తెలుగు పల్లెల రైతులు, కూలీలు ముళ్ళదారులు నడిచారు. వియత్నాం యోధులు టైరు చెప్పులతో అడవులు దాటారు. అడిస్ అబాబాలో బెత్లెహెం తిలహున్ అలెము 2004లో 'సోల్‌రెబెల్స్' స్థాపించి తమ దేశపు పాత టైరు చెప్పునే మెరుగుపరచి ప్రపంచానికి అమ్మారు, దాని పుట్టుకను దాచలేదు. మనమో, చేసినవాడి పేరు కోసేసి 'అప్‌సైక్లింగ్' అనే కొత్త పేరు అతికించాలని చూస్తాం.

నేర్పడం అంత సులువు కూడా కాదు. నైలాను దారాల పాత టైరు రంపెకు లొంగేది. ఉక్కు తీగల పట్టీలున్న రేడియల్ టైరు అలా లొంగదు. తెగిన తీగ పాదంలో దిగుతుంది. కొన్ని జిగురులలోని హెక్సేనును మూసిన గదిలో నెలల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. వీధి నిండా వ్రేలాడే ఫ్లెక్సీలను కాల్చి అతికించబోతే పీవీసీ నుంచి ఆమ్లపు పొగ వస్తుంది. కనుక కిటికీలు లేని గదులలో ఈ తరగతి నడపరాదు. రసాయనాల సంగతి చెప్పడానికి డిగ్రీ ఉన్నవారు రావాలి. కోత, కొలత, కుట్టు చెప్పడానికి కాలిబాట మీది పెద్దాయన రావాలి. ఆయనను శాలువా కప్పి పంపించడానికి కాదు, జావా గురువుకిచ్చేంత జీతమిచ్చి పిలవాలి.

ఎవరికి నేర్పాలి? 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చెప్పుల తయారీ ఉంది. శిక్షణకాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు. సంతోషమే. కానీ అది కుటుంబ సంప్రదాయ వృత్తులలో ఉన్నవారికి. ఈ కుటుంబవృత్తి నిబంధన తీసివేయాలని కోరుతూ, పథకాన్ని ఆ రూపంలో అమలు చేయబోమని తమిళనాడు ప్రభుత్వం 2024లో తెలిపింది. నాదీ అదే మాట. మాదిగవాడలో పుట్టిన పిల్లకు కోడింగు, అగ్రహారంలో పుట్టిన పిల్లవాడికి ఆరె ఒకే వీధిలో దొరికితేనే అది విద్య. లేకపోతే పాత సంకెలకు కొత్త భృతి.

2019 ఏప్రిల్‌లో, జయంతికి ముందు, పంజాగుట్ట కూడలిలో నిలిపిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని తొలగించి చెత్త లారీలో తరలించారు. 2023లో అక్కడే విగ్రహం వెలిసింది. అయినా ఆ లారీని నేను మరువలేను. ఈ నగరం దేన్ని చెత్త అనుకుంటుందో, ఎవరి పనిని చెత్త అనుకుంటుందో ఆ ఒక్క దృశ్యంలో కనబడింది. అందుకే టైరు గురించి మాట్లాడుతూ మనిషిని మరచిపోయే శిక్షణ నాకు వద్దు.

నేను కోరేది చిన్నది. మైత్రీవనం కరపత్రాలలో పైథాన్ ప్రక్కన 'పాదరక్షల తయారీ' అన్న పంక్తి ఒకటి, దాని క్రింద గురువుగారి పేరు. అది చదివి నవ్వేవాళ్ళు ముందు తమ కాళ్ళ వైపు ఒకసారి చూసుకోవాలి. అభ్యంతరాలున్న మిత్రులు వాదనకు రండి, నేను సిద్ధమే.