అమ్మకు చెప్పు, నాన్నను అడుగు

ఆ మధ్య ఓ కుటుంబ న్యాయస్థానంలో, పిల్లల్ని చూపించే గదిలో కనిపించిన దృశ్యమిది. నాలుగు ప్లాస్టిక్ బొమ్మలు, చక్రం ఊడిన కారు, గోడమీద రంగు వెలిసిన కుందేలు. ఏడేళ్ల కొడుక్కి ఓ తండ్రి కొత్త బూట్లు తెచ్చాడు. తొడగబోతే మడమ దిగలేదు. ఎప్పుడో మూడు నెలల కిందట చూసిన కాలు మరి. పిల్లాడు వేళ్లు ముడుచుకుని ఎలాగో దూర్చేసి, ‘సరిపోయాయి నాన్నా’ అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి ఫోన్లోంచి తలెత్తకుండానే, ‘టైమైపోయిందని చెప్పు’ అంది. చెప్పింది కొడుక్కి. వినాల్సింది ఎదురుగా ఉన్న భర్త.

ఇలా పెద్దవాళ్ల మధ్య కబుర్లు మోసే పిల్లలకు ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తుంది. నిద్ర పట్టదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. స్కానింగులో ఏమీ కనిపించదు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలని ఇంట్లో విసుక్కుంటారు. ఆ నొప్పి మాత్రం నిజంగానే నొప్పి.

పెద్దయ్యాకా అది వదలదేమో. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఓ చిత్రమైన అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 201 మంది పెద్దల ముక్కులో జలుబు వైరస్ వేసి, విడిగా ఉంచి గమనించారు. చిన్నప్పుడు అమ్మానాన్నలు విడిపోయి, ఏళ్లతరబడి మాటలు కూడా మానేసినవాళ్లకు జలుబు పట్టే అవకాశం, కలిసున్నవారి పిల్లలకంటే మూడు రెట్లు ఎక్కువని తేలింది. విడిపోయినా మాట్లాడుకున్నవారి పిల్లల్లో ఆ తేడాయే లేదు. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోతాయని కాదుగానీ, ఎప్పుడో ఇంట్లో ఆగిపోయిన మాటకు ఇన్నేళ్ల తర్వాత తుమ్ములా?

‘పిల్లల మొహం చూసైనా సర్దుకుపొండి’ అనే పెద్దమనుషులతో పేచీ ఇక్కడే. ఒకే కప్పు కింద నెలల తరబడి మూతి ముడుచుకుని తిరిగితే మాత్రం ఆ పసివాడికి కడుపునొప్పి తగ్గుతుందా? దెబ్బలు తిని బయటపడ్డ ఇల్లాలికి ‘మాట్లాడుకోండి’ అని చెప్పే హక్కూ ఎవరికీ లేదు. ఇది మిగతావాళ్ల సంగతి.

చట్టం తన వంతు చెబుతూనే ఉంది. ఉమ్మడి కస్టడీకి వీలు కల్పించాలని లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. తల్లీ తండ్రీ ఇద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని, కలవలేనప్పుడు వీడియో కాల్‌లోనైనా మాట్లాడించాలని 2020లో సుప్రీంకోర్టు అంది. కోర్టు గంటలు పంచగలదు. వాడికిప్పుడు ఏ సైజు పడుతుందో తండ్రికో మెసేజ్ పెట్టమని ఏ జడ్జి మాత్రం తీర్పు రాస్తారు?

ఆ రోజు పిల్లాడు కొత్త బూట్లతోనే మెట్లు దిగాడు. మూడో మెట్టు దగ్గర కుంటడం మొదలైంది. ‘ఏమైంది?’ అని ఇద్దరూ ఒకేసారి అడిగారు, వాణ్ని.